గుండె చూడ్డానికి పది సెకన్లు

మా చెల్లెలి కూతురు నీల ఈ ఏడాది ఎమర్జెన్సీ డాక్టరుగా చేరింది. చేరిన వారానికి మా ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడే అడిగేసింది. "పెద్దమ్మా, గుండె ఆగిన మనిషికి స్కానింగ్ ప్రోబ్ ఎక్కడ పెట్టాలో పుస్తకంలో బాగానే రాశారు. ఎప్పుడు తియ్యాలో ఎవరూ గట్టిగా చెప్పరేటి?"

ముందు లోపలికి రమ్మన్నాను. టీ ఇచ్చాను. తర్వాత నేను చెప్పిన జవాబు సగం బర్మీలో, సగం ఇంగ్లీషులో, మిగిలిన కాస్తా తెలుగులో నడిచింది. ఆ పిల్ల వెళ్ళిపోయాక, జవాబైతే చెప్పాను కానీ అది నాకెవరు నేర్పారో చెప్పలేదే అనిపించింది. ఆ మనుషుల గురించి రాయకపోతే చెప్పింది సగమే అవుతుంది. అందుకే ఈ కాగితాలు.

నా గురించి నాలుగు ముక్కలు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రంగం వచ్చాడు. యాంగోన్‌ని మా వాళ్ళు ఇప్పటికీ రంగమనే అంటారు. అక్కడ మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మాకు పప్పుల కొట్టు ఉండేది. ఇంట్లో నా పేరు పార్వతి. ఆస్పత్రిలో డా ఖిన్ వా. బర్మీలో పెద్ద ఆడవాళ్ళ పేరుకి ముందు 'డా' పెడతారు, తెలుగులో డాక్టరుకి ముందు పెడతారు. మా అమ్మకి కూడబలుక్కునే తెలుగు చదువే కాబట్టి ఆ రెండూ ఒకటే అనుకుని, రంగంలో ఇంతమంది ఆడ డాక్టర్లున్నారా అని ఒకసారి ఆశ్చర్యపోయింది. ముప్ఫై ఏళ్ళ పైన ఎమర్జెన్సీలోనే పనిచేశాను. ఇందులో మాట్లాడుకున్న మాటలు చాలావరకు బర్మీలోవి. నేను తెలుగులో రాస్తున్నాను.

వేళ్ళే పరికరాలు

నేను చేరినప్పుడు మా వార్డుకి పెద్ద ఉ ఫే థాన్. ఆయన సర్జన్. 'ఉ' అంటే మనం 'గారు' అన్నట్టు. మేం ఆయన్ని 'సయా' అని పిలిచేవాళ్ళం, అంటే గురువు. ఆడవాళ్ళనైతే 'సయామ' అంటారు.

సయా మాకు మొదటిరోజు స్టెతస్కోపు పట్టుకోనివ్వలేదు. షాక్‌లో ఉన్న రోగి దగ్గరికి తీసుకెళ్ళి, "మోకాలి చిప్ప మీద చెయ్యి పెట్టు. చల్లగా ఉందా? ఎంతవరకు చల్లగా ఉంది? వేలితో నొక్కి వదులు. రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పట్టింది?" అనేవారు. షాక్ అంటే జనం అనుకునే భయం కాదు. ఒంట్లో రక్తం అందాల్సిన చోటికి అందని స్థితి. బి.పి. పడిపోవడం అందులో ఆలస్యంగా కనిపించే సంగతి. అంతకంటే ముందు కాళ్ళు చెబుతాయని ఆయన నేర్పారు. ఇప్పటికీ ఆ పని ముందు చేస్తాను, మిషను తర్వాత.

అయితే కాళ్ళు చల్లబడ్డాయని తెలుస్తుంది కానీ ఎందుకు చల్లబడ్డాయో తెలీదు. రక్తం పోయిందా, ఒంట్లో నీరు ఆరిపోయిందా, గుండె బలహీనపడిందా, గుండె చుట్టూ ఏదైనా చేరి బిగబట్టేసిందా? ఒకదానికి చేసే వైద్యం ఇంకొకదానికి హాని. మేం ఊహించేవాళ్ళం. మంచి డాక్టరంటే మంచిగా ఊహించేవాడు. నా ఊహ తప్పయిన రోగుల పేర్లు కొన్ని నాకిప్పటికీ గుర్తున్నాయి.

మూల పడేసిన మిషను

ఆ రోజుల్లో బయటి దేశాల నుంచి మా దేశానికి పుస్తకాలు కూడా సరిగ్గా వచ్చేవి కాదు. ప్రసూతి వార్డు వాళ్ళు కొత్త స్కానింగ్ మిషను వచ్చిందని పాతదాన్ని స్టోరు రూములో పడేశారు. దాని చక్రం ఒకటి ఊడిపోయింది. తెర మీద ఎడమ మూల ఎప్పుడూ చీకటే. బ్యాంకాక్‌లో రెండు వారాల శిక్షణకి వెళ్ళొచ్చిన నేను, ఆ మిషను మాకివ్వమని అడిగాను.

ఉ ఫే థాన్ నవ్వారు. "ఎమర్జెన్సీలో సినిమా వేస్తావా?" అన్నారు. నవ్వినా కాగితం మీద సంతకం పెట్టారు. ఊడిన చక్రానికి తలుపు కింద పెట్టే చెక్కముక్క కట్టి, ఏడాదిన్నర దాన్ని తోసుకుంటూ తిరిగాను. మా అమ్మ గుండె, చెల్లెలి కాలేయం, నర్సుల కిడ్నీలు, ఊడ్చేవాళ్ళ పొట్టలు, అన్నీ చూశాను. ఎవరైనా ఖాళీగా కనిపిస్తే పడుకోబెట్టేదాన్ని. మామూలు గుండె ఎలా ఉంటుందో వంద సార్లు చూడనివాళ్ళు, చెడిపోయిన గుండెని గుర్తుపట్టలేరు. నీలకి కూడా ఇదే చెప్పాను.

ఈ పడుకోబెట్టిన వాళ్ళలో మా హెడ్ నర్సు డా న్వే ఒకావిడ. నాకంటే ఆరేళ్ళు చిన్న. పొట్టిగా, గట్టిగా ఉంటుంది, మాట కూడా అంతే. ఇక్కడి ఆడవాళ్ళంతా బుగ్గలకి రాసుకునే థనకా చెక్క గంధం పూసుకోకుండా డ్యూటీకి వచ్చిన రోజు నేను చూడలేదు. నేను ప్రోబ్, అంటే ఒంటి మీద ఆనించే ఆ మిషను పిడి, పెడుతుంటే, "అయిందా సయామ? నా వంతులో పదకొండు మంది రోగులున్నారు" అనేది.

నా తప్పు

ఒక పొద్దున్న చిమిండైంగ్ బజారు నుంచి చేపలమ్మే మనిషిని తెచ్చారు. యాభై దాటి ఉంటాయి. దుకాణం మీదే కూలిపోయాడట. చేతులకింకా పొలుసులు అంటుకునే ఉన్నాయి. పల్స్ లేదు. మేం ఛాతీ నొక్కడం మొదలెట్టాం, ఊపిరికి గొట్టం వేశాం, మందులిచ్చాం. భార్య గుడ్డ తెర వెనక నిలబడి ఉంది.

రెండు నిమిషాలకొకసారి నొక్కడం ఆపి పల్స్ చూస్తాం. ఆ ఆపిన సమయంలో గుండె మీద ప్రోబ్ పెట్టి, కదులుతోందా లేదా చూడొచ్చు. నాకప్పటికి చెయ్యి తిరిగిందని నా నమ్మకం. "ఆపండి" అన్నాను. ప్రోబ్ పెట్టాను. ఊపిరితిత్తి గాలి అడ్డొచ్చింది. కొంచెం పక్కకి జరిపాను. గుండె అంచు కనబడినట్టే కనబడి పోయింది. "ఒక్క నిమిషం" అన్నాను. కిందికి వంచాను. కదులుతోందా? నా చెయ్యి కదులుతోందా?

"సయామ! చేతులు!" అని డా న్వే అరిచింది. అరవడమే కాదు, నన్ను భుజంతో పక్కకి తోసి తనే నొక్కడం మొదలెట్టింది.

ఆ మనిషి బతకలేదు. నేను ఆపకపోయినా బతికేవాడు కాడేమో. నాకు తెలీదు, ఎవరికీ తెలీదు. ఛాతీ నొక్కడం ఆగిన ప్రతి సెకను మెదడుకి రక్తం ఉండదని మాత్రం తెలుసు. భార్యకి చెప్పడానికి తెర బయటికి వెళ్ళాను. ఆవిడ ఏడవలేదు. నన్నో ప్రశ్న అడిగింది. "అందరూ ఆగి ఆ టీవీ చూశారు కదా సయామ. అందులో ఏం కనిపించింది?"

ఏమీ కనిపించలేదు. ఆ మాట ఆవిడతో అనలేకపోయాను. "గుండె ఆగిపోయిందమ్మా" అన్నాను. అది నిజమే, కానీ ఆవిడ అడిగిన దానికి జవాబు కాదు.

సాయంత్రం ఉ ఫే థాన్ గదికెళ్ళి జరిగింది చెప్పాను. "ఎన్ని సెకన్లు ఆపావు?" అన్నారు.

"తెలీదు సయా. నేను బొమ్మ చూస్తున్నాను."

గుమ్మం దగ్గర నుంచి డా న్వే అంది, "ఇరవై ఆరు." గోడ గడియారం చూసిందట.

ఆయన కోప్పడతారనుకున్నాను. మిషను తీసేయమంటారనుకున్నాను. ఆయన మాత్రం, "దీన్ని నీ దగ్గర్నుంచి తీసేస్తే నువ్వు నేర్చుకున్నది కూడా పోతుంది. గడియారం ఈవిడ చేతికివ్వు" అన్నారు.

అప్పటి నుంచి మా వార్డులో పద్ధతి ఇది. ఛాతీ నొక్కుతుండగానే ప్రోబ్ పక్కటెముకల కింద సిద్ధంగా పెట్టుకోవాలి. చోటు దొరికాకే ఆపమనాలి. ఆపగానే నర్సు పైకి లెక్కపెడుతుంది. పది అనగానే చేతులు ఛాతీ మీదికి వెళ్ళిపోవాలి, ప్రోబ్ పట్టుకున్నది ఎంత పెద్ద డాక్టరైనా సరే. బొమ్మ రికార్డు చేసుకుని, మళ్ళీ నొక్కుతున్నప్పుడు తీరిగ్గా చూడాలి. బయటి దేశాల్లోనూ ఇలాగే చేస్తారని తర్వాతెప్పుడో చదివాను. నాకు మాత్రం దీన్ని నేర్పింది డా న్వే భుజం. ఆ రోజు మర్యాద కోసం ఆవిడ ఊరుకుని ఉంటే, నేను ఇంకా ఎంతమంది మీద ఇరవై ఆరు సెకన్లు ఆపేదాన్నో.

కాలేయం కింద నల్లగీత

ఇప్పుడు మంచి సంగతి.

నది అవతలి తన్లిన్ నుంచి ఒకమ్మాయి వచ్చింది, సరస్వతి. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని. వంతెన మీదుగా బస్సులో అత్తగారు తీసుకొచ్చింది. మన మనుషులే. నేను తెలుగులో పలకరించేసరికి ఆ అత్తగారి ప్రాణం లేచొచ్చింది.

"పొద్దున్నించి ఏటీ తిన్నేదమ్మా. కడుపు నొప్పంది. కళ్ళు తిరుగుతున్నాయంటే నిమ్మరసం ఇచ్చినాను. ఎండదెబ్బేమో అనుకున్నాం."

అమ్మాయి మొహం పాలిపోయింది. మోకాళ్ళు చల్లగా ఉన్నాయి. బి.పి. ఇంకా ఫర్వాలేదు. సయా నేర్పినట్టు మోకాళ్ళనే నమ్మి మిషను తెప్పించాను. షాక్‌లో నేను చూసే వరస ఎప్పుడూ ఒకటే. గుండె ఎలా కొట్టుకుంటోంది, గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర నిండుగా ఉందా చప్పబడిందా, ఉండకూడని చోట రక్తం ఉందా. సరస్వతి గుండె గబగబా, ఖాళీగా కొట్టుకుంటోంది. సిర చప్పగా అతుక్కుపోయింది. కుడివైపు కాలేయానికీ కిడ్నీకీ మధ్య, మామూలుగా ఏమీ ఉండని చోట, నల్లగా ఒక గీత. స్కానింగ్‌లో నలుపంటే ద్రవం. అది రక్తం.

"నెల తప్పిందా తల్లీ?" అన్నాను. ఆ అమ్మాయి అత్తగారి వైపు చూసింది. కడుపుతో ఉన్నానని ఆ పిల్లకే తెలీదు. గర్భం గర్భసంచిలో కాక పక్క గొట్టంలో నిలిచి, అది పగిలింది.

ప్రసూతి డాక్టరుకి కబురు పెడితే, గర్భ పరీక్ష రిపోర్టు లేకుండా థియేటర్ ఎలా తెరుస్తామంది. నేను వాదించలేదు. "ఒక్కసారి కిందికొచ్చి బొమ్మ చూసి వెళ్ళండి" అన్నాను. వచ్చింది, చూసింది. ఇంకో మాట లేకుండా ట్రాలీ తనే పట్టుకుని తోసింది. రక్తం కోసం మా వార్డు వాళ్ళే ఇద్దరు చొక్కా చేతులు మడిచారు.

నాలుగో రోజున అత్తగారు ఇన్ని గారెలు పట్టుకొచ్చి, "కోడలు పిల్ల లేచి కూకుంది" అని చెప్పి, ఏడుస్తూ తనే నాలుగు తినేసింది.

అలాగని మిషను నన్ను ప్రతిసారీ కాపాడలేదు. ఒక పెద్దాయనకి బి.పి. పడిపోయిందని రెండు సీసాల సెలైన్ ఎక్కించాకగాని గుండె చూడాలని తోచలేదు. చూస్తే ఆ గుండె సరిగ్గా ముడుచుకోవడం లేదు, పెద్ద సిర ఉబ్బిపోయి ఉంది. ఆ సెలైన్ ఆయన ఊపిరితిత్తుల్లోకి చేరింది. బతికారు కానీ నా వల్ల వారం రోజులు ఎక్కువ బాధపడ్డారు. మిషను పక్కనే ఉంది. నేను చూడలేదు, అంతే. షాక్ అని తెలియగానే సెలైన్ సీసా వైపు చెయ్యి పోవడం మనందరికీ ఉన్న అలవాటు. ఆ చెయ్యిని ఒక్క నిమిషం పట్టుకోండి.

ఊరు మూసుకుపోయాక

సైన్యం అధికారం తీసుకున్నప్పుడు నాకు రిటైర్మెంటుకి ఇంకా ఏడాది పైన ఉంది. డాక్టర్లు, నర్సులు ఆ పాలన కింద పనిచెయ్యబోమని బయటికొచ్చేశారు. నేనూ వచ్చాను. డా న్వే కూడా వచ్చింది. అది తేలిగ్గా చేసిన పని కాదు. ఎమర్జెన్సీ డాక్టరు ఎమర్జెన్సీ వదిలి రావడం గురించి ఇక్కడ వాదన పెట్టను. ఆ రోజుల్లో నిద్రపట్టలేదని మాత్రం రాస్తాను.

మా వీధికి దగ్గర్లో ఒక ధర్మ క్లినిక్ ఉండేది. గర్భిణుల్ని వారానికి రెండు రోజులు చూసే చోటు. అక్కడే మేం రోజూ కూర్చోడం మొదలెట్టాం. నేను, డా న్వే, చదువు ముగించి రెండేళ్ళయిన డాక్టర్ మ తీరి. వయసులో చిన్న ఆడవాళ్ళ పేరుకి ముందు 'మ' పెడతారు. ఆ పిల్ల దగ్గర జేబులో పట్టే కొత్త ప్రోబ్ ఉండేది. ఫోనుకి తగిలిస్తే బొమ్మ ఫోనులో కనిపిస్తుంది. మా పాత ఆస్పత్రి మిషనుతో పోలిస్తే దేవుడిచ్చిన వరం. అయితే సైన్యం ఇంటర్నెట్ ఆపేశాక ఆ ఫోను లాగిన్ అడగడం మొదలెట్టింది. లాగిన్ కావాలంటే ఇంటర్నెట్ ఉండాలి. ప్రోబ్ జేబులోనే ఉండిపోయింది. క్లినిక్‌లో గర్భిణుల కోసం ఉంచిన పాత మిషనే దిక్కయింది.

ప్రోబుకి రాసే జెల్ అయిపోయింది. మా చెల్లెలు కర్రపెండలం పిండి పలచగా ఉడికించి, చల్లార్చి, సీసాల్లో పోసి పంపేది. బాగానే పనిచేసింది. రెండు రోజులకి పులిసేది. వాసన చూసి మార్చేవాళ్ళం.

ఫోన్లు కూడా కలిసేవి కాదు, ఎవరినీ అడగలేం. బొమ్మ పంపి ఇదేమిటో చెప్పండి అనడానికి దారి లేదు. నాకు తెలిసిందే తెలిసినట్టు. అప్పుడే డా న్వేకి ప్రోబ్ పట్టుకోవడం నేర్పడం మొదలెట్టాను. ముందు ఒప్పుకోలేదు. "నాది లెక్కపెట్టే పని" అంది. "నన్ను ఏదైనా బండిలో ఎక్కించి తీసుకెళ్ళిపోతే ఎవరు చూస్తారు?" అన్నాను. ఆ రోజుల్లో డాక్టర్లని అలా తీసుకెళ్ళడం నిజంగా జరుగుతోంది. ఇంకేం మాట్లాడకుండా ప్రోబ్ చేతిలోకి తీసుకుంది.

అప్పలనరసమ్మ కొడుకు

మా వీధి చివర ఇడ్లీలు అమ్మే అప్పలనరసమ్మని నేను చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. ఆవిడ కొడుకు ఇంట్లో సూరిబాబు, బయట కో టున్. తన్లిన్‌లో వెల్డింగ్ పని. ఆ నెలల్లో పనికి పోకుండా, సైనికులు రాకుండా వీధి మొదట్లో ఇసుక బస్తాలు పేర్చినవాళ్ళలో ఒకడయ్యాడు.

ఒక పదకొండు గంటల వేళ అతన్ని ఇద్దరు స్నేహితులు మూడు చక్రాల సైకిలు బండిలో తెచ్చారు. ఛాతీకి ఎడమపక్క, వేలి గోరంత గాయం. ఏదో ఇనుప ముక్క దూరింది. బయటికి రక్తం పెద్దగా లేదు. నడిచే ఎక్కానన్నాడట బండి. మా బల్ల మీదికి వచ్చేసరికి మెడ నరాలు తాళ్ళలా ఉబ్బాయి, మాట ముద్దగా వచ్చింది. "అమ్మకి చెప్పకండి" అన్నాడు. అంతే, కళ్ళు తేలేశాడు.

మ తీరి అతని మెడ మీద వేళ్ళు పెట్టి, "పల్స్ లేదు సయామ" అంది. నేను కూడా పెట్టి చూశాను. లేదు. స్నేహితుల్లో ఒకడు గోడకి తల కొట్టుకోవడం మొదలెట్టాడు.

మ తీరి అతని ఛాతీ నొక్కసాగింది. నేను ప్రోబుకి శుభ్రమైన గ్లవ్ తొడిగి, పక్కటెముకల కింద పెట్టి, చోటు చూసుకున్నాను. "ఇప్పుడు" అన్నాను.

"ఒకటి, రెండు, మూడు..." డా న్వే గొంతు మామూలుగానే ఉంది, మందుల సీసాలు లెక్కపెడుతున్నట్టు.

ఐదు దగ్గర చూశాను. గుండె ఆగలేదు. చుట్టూ నల్లటి వలయం, దాని మధ్యలో గుండె నలిగిపోతూ, చిన్నగా, తొందరతొందరగా కొట్టుకుంటోంది. గుండె చుట్టూ ఉండే సంచిలో రక్తం నిండి, గుండె విప్పారడానికి చోటు లేకుండా చేసింది. అందుకే వేళ్ళకి పల్స్ అందలేదు. వేళ్ళ మాట వింటే చనిపోయాడనుకోవాలి. తెరలో మాత్రం ఆ గుండె ఇంకా పెనుగులాడుతోంది.

"పది" అంది డా న్వే. మ తీరి చేతులు మళ్ళీ ఛాతీ మీదికి దిగాయి.

పొడుగు సూది తీసుకున్నాను. నా జీవితంలో అంతకుముందు రెండుసార్లే చేసిన పని, ఆ రెండూ పెద్ద ఆస్పత్రిలో, వెనక సర్జన్లు ఉండగా. సూది మొన తెరలో తెల్లగా దిగడం చూస్తూ పోయాను. సిరంజిలోకి నల్లని రక్తం వచ్చింది. ఒక సిరంజి, రెండో సిరంజి. టీ గ్లాసులో సగం ఉంటుందేమో మొత్తం. మూడో సిరంజి సగంలో ఉండగా మ తీరి, "వచ్చింది, సయామ, వచ్చింది" అని ఏడుపు గొంతుతో అంది. నేను మెడ మీద వేలు పెట్టి చూశాను. దారంలా, కానీ ఉంది.

సూది పని తాత్కాలికం. గుండెకి పడ్డ చిల్లు అలాగే ఉంది. కుట్టు వెయ్యాలి, దానికి ఛాతీ తెరవాలి, తెరిచేవాడు కావాలి. సన్నటి గొట్టం ఒకటి లోపలే ఉంచి, మ తీరిని దాని దగ్గర కూర్చోబెట్టాను. ఫోన్లు లేవు. ఉ ఫే థాన్ రిటైరై మాకు మూడు వీధుల అవతల ఉండేవారు. డెబ్బై దాటాయి. వచ్చిన బండిలోనే ఆ స్నేహితుల్లో ఒకణ్ణి ఆయన ఇంటికి పంపాను.

ఈలోగా అప్పలనరసమ్మ వచ్చింది. ఎవరు చెప్పారో తెలీదు. చేతులకి పిండి ఉంది. లోపలికి రాలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఉన్నాడా నేదా? ఒక్క ముక్క సెప్పు తల్లీ. మరేటీ అడగను."

"ఉన్నాడు" అన్నాను. "ఇంకా చాలా పనుంది. కానీ ఉన్నాడు."

ఆవిడ అక్కడే చతికిలబడింది.

ఉ ఫే థాన్ ఇంటి చొక్కాతోనే వచ్చారు. నేను చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, "చూపించు" అన్నారు. ప్రోబ్ పెట్టాను. ఎమర్జెన్సీలో సినిమా వేస్తావా అన్న మనిషి, తెర మీదికి వంగి, "ఇంకోసారి. కొంచెం ఎడమకి" అని అడిగి చూశారు. చిల్లు ఏ వైపుందో ఆయనకి తోచింది. చిమిండైంగ్‌లో తన పాత శిష్యుడి చిన్న ఆస్పత్రి ఉందని, అక్కడ థియేటరు, మత్తు డాక్టరు ఉంటారని అన్నారు.

కూరగాయల వ్యాను దొరికింది. వెళ్ళే దారిలో వీధి వీధికీ ఇసుక బస్తాలు, వెదుళ్ళు అడ్డం కట్టి ఉన్నాయి. ప్రతి చోటా డా న్వే కిందికి దిగి, "గుండె గాయం, దారివ్వండి" అనేది. ఆడా మగా వచ్చి ఒక్కొక్క బస్తా ఎత్తి పక్కన పెట్టేవాళ్ళు. మేం దాటగానే మళ్ళీ తెచ్చి పేర్చుకునేవాళ్ళు. వాళ్ళలో ఎవరి పేరూ నాకు తెలీదు. వ్యాను వెనక కూర్చుని మ తీరి రెండుసార్లు గొట్టంలోంచి రక్తం లాగింది.

గంటన్నర పట్టింది ఆపరేషను. సయానే చేశారు, డా న్వే సాయం చేసింది, నేను థియేటరు బయట నిలబడ్డాను. ఉ ఫే థాన్ బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. "రెండు కుట్లు. నీ మిషను చూపించిన చోటే" అన్నారు.

ముప్ఫై ఏళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. మిషనుని మెచ్చుకున్నారు, అయినా ఆ మెప్పు నాదనే తీసేసుకున్నాను.

సూరిబాబు బతికాడు. ఇప్పుడెక్కడున్నాడో రాయను. బరువులు ఎత్తలేడని, వెల్డింగ్ మానేశాడని, పెళ్ళయిందని మాత్రం రాయొచ్చు. అప్పలనరసమ్మ ఇప్పటికీ నా చేతి నుంచి ఇడ్లీ డబ్బు పుచ్చుకోదు, నేను పట్టుబడితే కోపం. అందుకని చెల్లెల్ని పంపుతాను.

జ్వరం

ఆ తర్వాత వానల్లో కోవిడ్ మళ్ళీ వచ్చింది. ఊరంతా తలుపులు వేసుకుంది. ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం వానలో వరసల్లో నిలబడ్డారు. ఆ నెలల గురించి రాయడానికి నాకు ఓపిక లేదు. మేం ఇంటింటికీ తిరిగాం, చాలామందిని పోగొట్టుకున్నాం. చివరికి నాకూ వచ్చింది.

మా ఇంటి పైగదిలో ఒక్కదాన్నే పడుకున్నాను. చెల్లెలు గుమ్మం దగ్గర గంజి పెట్టి వెళ్ళేది. ఐదో రోజుకి విరేచనాలు పట్టుకున్నాయి. ఆరో రోజు మధ్యాహ్నం లేవబోతే గది తిరిగింది. నా మోకాలి మీద నేనే చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. చల్లగా ఉంది.

మ తీరి, డా న్వే ఒళ్ళంతా ప్లాస్టిక్ కప్పుకుని వచ్చారు. బి.పి. చూసి మ తీరి భయపడింది. కోవిడ్ ఊపిరితిత్తులకి సెలైన్ ఎక్కిస్తే ముంచుతామని, ఎక్కించకపోతే బి.పి. లేదని అటూ ఇటూ అయింది. తన తప్పు కాదు. ఆ గదిలో షాక్ గురించి అందరికంటే ఎక్కువ తెలిసినదాన్ని నేను, నాకేమో నాలుక తిరగడం లేదు.

డా న్వే సంచిలోంచి మ తీరి ప్రోబ్ తీసింది. ఇంటర్నెట్ అప్పుడు రోజుకి కొంతసేపు వచ్చేది, ఎలాగో లాగిన్ చేసి పెట్టుకున్నారు. నా జాకెట్టు పైకి జరిపి, పిండి జెల్ రాసింది. చల్లగా తగిలింది. తెర నాకు కనబడటం లేదు. ఆవిడ కళ్ళు మాత్రం కనబడుతున్నాయి, కళ్ళద్దాల ప్లాస్టిక్ వెనక. అన్నేళ్ళు ఇతరుల కళ్ళు నా మొహంలో ఏం వెతుక్కునేవో నాకప్పుడు తెలిసింది.

ముందు గుండె దగ్గర ఆగింది. తర్వాత పొట్ట పైభాగానికి జరిపింది, పెద్ద సిర కోసం. తర్వాత ఊపిరితిత్తులు, రెండు పక్కలా, పైనా కిందా. తొందరపడలేదు. నా వరసే. కానీ నాకంటే శుభ్రంగా చేసింది.

"గుండె బాగుంది" అని మ తీరితో అంది. "సిర చప్పబడింది. ఊపిరితిత్తులు కింద కొంచెమే తడి. విరేచనాలతో నీరు పోయింది, అంతే. అర సీసా ఎక్కిద్దాం. మళ్ళీ చూసి మిగతాది."

నేను అదే చెప్పేదాన్ని. అరసీసా అని కూడా అదే చెప్పేదాన్ని. సంతోషమో జ్వరమో, కళ్ళలోంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. ఏదో ఒకటి అనాలనిపించింది. కృతజ్ఞతలు చెప్పాలనో, కోణం కాస్త మార్చమనో, నాకే గుర్తులేదు. నోరు తెరిచాను.

"మాట్లాడకండి సయామ" అంది డా న్వే, తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండానే. "మీరు మాట్లాడితే బొమ్మ కదిలిపోతోంది."